ఎడమవైపు గీత

వాళ్ళమ్మ బతికున్నంతకాలం ఆ ఇంట్లో ఆడపిల్లలిద్దరికీ పేర్లతో పెద్దగా పని పడలేదు. ఒకతె పెద్దది, ఒకతె చిన్నది. బడిలో చేర్పించేటప్పుడు పేర్లు చెప్పమంటే ఆవిడ ఒక్క క్షణం ఆలోచించుకోవలసి వచ్చిందని ఇంట్లో చెప్పుకుని నవ్వుకునేవారు. ఇప్పుడు పెద్దదానికి నలభై ఆరు, చిన్నదానికి నలభై. మధ్యనున్న ఆ ఆరేళ్ళనీ పెద్దది హోదాగానూ, చిన్నది వెక్కిరింతగానూ వాడుకుంటూ వచ్చారు.

పెద్దది ఆసుపత్రిలో పనిచేస్తుంది. డాక్టరు కాదు, నర్సు కాదు. ఆమె చేసేదేమిటో ఇరవై ఏళ్ళయినా బంధువులకి అంతుపట్టలేదు. "తలకి స్కానింగు తీస్తుందిట" అని ఒకరంటే, "కాదు, జిగురు రాస్తుందిట" అని ఇంకొకరు. రెండోవాళ్ళదే నిజానికి కాస్త దగ్గర. చెవికి ముందు, కణత దగ్గర, పుర్రె ఎముక పల్చగా ఉండే చోటొకటుంటుంది. అక్కడ చల్లటి జిగురు రాసి, సీసా మూతంత పరికరం ఆనించి, చెవికి వినపడని శబ్దాన్ని లోపలికి పంపుతారు. అది లోపల పారే రక్తానికి తగిలి తిరిగొస్తుంది. వచ్చినదాన్ని మిషను మన చెవికి వినపడేలా మార్చి "ష్షూ... ష్షూ..." మని వినిపిస్తూ, తెర మీద గీత గీస్తుంది. రక్తం ఎంత వేగంగా పారుతోందో ఆ గీత ఎత్తు చెబుతుంది. కొందరికి అక్కడ ఎముక మందంగా ఉండి శబ్దం లోపలికి పోదు. అప్పుడు ఆ గదిలో పనిచేసేవాళ్ళు కాగితం మీద "కిటికీ బాగాలేదు" అని రాసేసి, రెండోవైపు చూసుకుంటారు.

ఇంతకీ చూసేదేమిటంటే, మెదడు సర్దుబాటు. ఒంట్లో రక్తపోటు ఎగరనీ, పడనీ, మనిషి మెట్లెక్కనీ, మంచమెక్కనీ, మెదడు మాత్రం తన వాటా తనకి ఒక్క తీరుగా అందేలా నాళాల్ని తనే బిగిస్తుంది, తనే వదులు చేస్తుంది. ఇంటాయన చిందులేస్తున్నా, పాలు పొంగుతున్నా, వేళకి కంచాలు పెట్టే ఇల్లాలి లాంటిది. బయటివాళ్ళకి అంతా సవ్యంగానే కనపడుతుంది. ఆవిడకింకా సర్దే ఓపిక మిగిలుందా, లేక ఉన్నదంతా ఖర్చయిపోయి గోడకి ఆనుకుని నిలబడిందా అన్నది మాత్రం ఎవరికీ తెలీదు. అది కనిపెట్టడమే పెద్దదాని పని. సులువైన మార్గం ఊపిరి బిగబట్టమనడం. ముప్పై సెకన్లు ఊపిరి ఆపితే రక్తంలో చెడుగాలి పెరుగుతుంది, మెదడు నాళాలు వెడల్పవుతాయి, తెరమీద గీత లేస్తుంది. లేవాలి. లేవలేదంటే ఆ నాళాలు ఎప్పుడో పూర్తిగా తెరుచుకునిపోయాయన్నమాట. ఇంక తెరవడానికి ఏమీ లేదన్నమాట.

చిన్నది పిల్లలకి ఈత నేర్పుతుంది. నేర్పేది. ఈ రెండు మాటలకీ మధ్య పది రోజులే తేడా.

ఆ రోజు పొద్దున్న పిల్లల్ని గట్టుమీద వరసగా కూచోబెట్టి, నీళ్ళల్లో కాళ్ళు ఆడించమని చెప్పబోయి, "ఆ... ఆ..." అని ఆగిపోయింది. టీచరు ఆటపట్టిస్తోందనుకుని పిల్లలు కూడా "ఆ... ఆ..." అన్నారు. ఆవిడ కుడిచెయ్యి వేలాడిపోయి, మనిషి ఒక పక్కకి ఒరిగిపోయాకగాని వాళ్ళకి భయం వెయ్యలేదు.

ఆసుపత్రిలో రకరకాల ఫొటోలు తీసి చెప్పిందేమిటంటే, మెదడుకి రక్తం తెచ్చే పెద్దనాళాలు రెండూ, పుర్రెలోకి ప్రవేశించే చోట, ఏళ్ళతరబడి నెమ్మదిగా సన్నబడుతూ వచ్చాయిట. ఎడమది పూర్తిగా మూసుకుపోయింది. దాంతో కుడిచెయ్యి, కుడికాలు, మాట పోయాయి. చెప్పడమే కాదు, ఎదటివాళ్ళు చెప్పేది అర్థం కావడం కూడా పోయింది. కుడినాళం ఇంకా ఉంది, సన్నగా.

చిన్నదాని మొగుడు, అంటే పెద్దదాని మరిది, లిఫ్టులు బాగుచేస్తాడు. ఆసుపత్రి లిఫ్టు మూలుగు విన్నప్పుడల్లా మొహం చిట్లిస్తాడుగాని, పెళ్ళాం విషయంలో ఎవరినీ ఏమీ అనలేదు. వచ్చినవాళ్ళందరికీ ఒకే మాట చెబుతున్నాడు.

"ఎవరికి తెలుస్తుందండీ. రెండేళ్ళ కిందట మా వదినే స్వయంగా చూసింది, ఇక్కడే, ఈ మిషను మీదే. అంతా బాగుందంది. బాగున్న మనిషికి ఉన్నపళాన వచ్చింది. ఎవరు మాత్రం ఏం చేస్తారు."

ఆ మాట మీద ఆయన నిలబడ్డాడు, ఆ మాట మీదే నిద్రపోతున్నాడు. ఆయన అలా అంటున్నప్పుడల్లా పెద్దది దుప్పటి మడతలు సరిచేస్తుంది. పది రోజుల్లో ఆ దుప్పటి అంత తీరుగా ఆసుపత్రి చరిత్రలో ఏ దుప్పటీ ఉండి ఉండదు.

నిజమే, రెండేళ్ళ కిందట చూసింది. అప్పట్లో పెద్ద డాక్టరుగారు ఏ జబ్బూ లేని నలభైమంది కొలతలు పోగుచేస్తున్నారు, రేపు రోగుల్ని పోల్చుకోడానికి. ఏ జబ్బూ లేనివాళ్ళు ఆసుపత్రికి ఎందుకొస్తారు? కాబట్టి ఆ గదిలో పనిచేసేవాళ్ళంతా తమతమవాళ్ళని ఈడ్చుకొచ్చారు. నర్సు మొగుడొచ్చాడు. వాచ్‌మన్ వచ్చాడు. అంబులెన్సు డ్రైవరు మామగారైతే మొదటిసారి గుర్రుపెట్టి నిద్రపోయి వెళ్ళి, రెండోసారి రావలసి వచ్చింది. ముప్పై తొమ్మిది దగ్గర బండి ఆగిపోయింది. నలభయ్యో మనిషి ఆ రోజు సాయంత్రంలోగా కావాలి. పెద్దది చెల్లెలికి ఫోను చేసింది.

చిన్నది మధ్యాహ్నం భోజనాలవేళకి, తడిజుట్టుతో వచ్చింది.

"ఏమే, తలంతా తడి. పట్టీ జారిపోతుంది," అంది పెద్దది.

"నీళ్ళల్లో పనిచేసేదాన్ని పిలిచి పొడిగా రమ్మంటే ఎలాగక్కా. ఆకలేస్తోంది, తొందరగా కానీ. ఇంతకీ నా బుర్రలో ఏమన్నా ఉందంటావా?"

"ఈ మిషనుకి మరీ చిన్నవి కనపడవు."

"అయితే దీన్ని నీమీదే కనిపెట్టి ఉంటారు."

తలకి పట్టీ బిగించి, రెండు కణతలకీ పరికరాలు ఆనించి, పెద్దది గీతలు సరిచూసుకుంది. "ముప్పై సెకన్లు ఊపిరి బిగబట్టు."

"ముప్పయ్యేనా. నా దగ్గర ఎనిమిదేళ్ళ వెధవాయిలు పడతారు. తొంభై పట్టనా?"

"గొప్పలు తర్వాత. ముందు నోరు మూసుకో."

"ముప్పై ఎనిమిదేళ్ళనించీ ఆ మాట అంటున్నావు, ఇవాళ్టికి నీకు మిషను సాయం దొరికింది," అని, గుండెల నిండా గాలి పీల్చి నోరు మూసుకుంది చిన్నది.

కుడివైపు గీత పాలు పొంగినట్టు లేచింది. ఎడమవైపు గీత లేవలేదు. మొదలుపెట్టడమే కుడిదానికి సగం ఎత్తులో మొదలుపెట్టి, అక్కడే ఉండిపోయింది. ఇరవై అయిదో సెకనులో అక్క మొహంలో గాంభీర్యం చూసి చిన్నది ఫక్కున నవ్వేసింది. పట్టీ కాస్త జారింది.

"ఎడమవైపు ఇంకోసారి చూడాలే."

"ఇంకోసారా? చిన్నప్పుడు నా జడ కూడా ఇలాగే మూడుసార్లు విప్పి మళ్ళీ అల్లేదానివి. రెండింటికి పిల్లలొస్తారక్కా, నన్ను వదిలెయ్." తల మీది జిగురు తుడుచుకుంటూ, ఏదో గుర్తొచ్చినట్టు అంది, "అన్నట్టు, ఈ మధ్య గబగబా ఈదొచ్చాక కుడిచేతిలో చీమలు పాకినట్టుంటోంది. కాసేపే అనుకో."

"నలభై దగ్గరపడ్డాయి కదే. చీమలు చిరునామా వెతుక్కుంటూ వస్తాయి."

"నీకెన్నొచ్చాయేం?"

ఇద్దరూ నవ్వుకున్నారు. పెద్దది కాగితం మీద "ఎడమ కిటికీ బాగాలేదు, కుడివైపు లెక్కలోకి తీసుకున్నాను" అని రాసి, ఇద్దరికీ కలిపి తన భోజనం డబ్బా విప్పింది. చిన్నది ముప్పాతిక తినేసి వెళ్ళింది.

చిన్నది పడిపోయిన మూడోనాడు, గదిలో ఎవరూ లేనప్పుడు, పెద్దది ఆ పాత రికార్డు తీసి చూసింది. కిటికీ బాగాలేకపోతే తెరమీద ఇసుక చల్లినట్టుంటుంది. గీత ఉందో లేదో, ఉంటే ఎక్కడుందో తెలీదు. ఇది ఇసుక కాదు. శుభ్రమైన గీత. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒక అల. మామూలుగా అల అంచు సూదిగా ఉంటుంది. ఇక్కడ ప్రతి అలా అరిగిపోయిన మెట్టులాగా గుండ్రంగా, పొట్టిగా ఉంది. ఎగువనెక్కడో దారి ఇరుకైపోతే దిగువన ఇలాగే ఉంటుందని పెద్దది కొత్తగా చేరిన పిల్లలకి తనే పాఠం చెప్పింది, ఈ తెర ముందే, ఎన్నిసార్లో. పట్టీ జారింది ఇరవై అయిదో సెకనులో. దానికి ముందు ఇరవైనాలుగు సెకన్లపాటు ఎడమవైపు గీత, ఎవరైనా చూస్తే చూడొచ్చునన్నట్టు, బల్లపరుపుగా సాగింది.

ఆ గదిలో ఆ రోజు చూడవలసిన మనిషి ఒక్కతే ఉంది. ఆవిడకి ఆకలిగా ఉంది.

పెద్దది రికార్డు మూసేసింది. ఎవరికీ చెప్పలేదు. రోజులు మెట్లలాగా ఉన్నాయి: ఇవాళ చెప్పకపోతే రేపు ఇంకొకటి ఎక్కాలి. ఎక్కింది. పైన మంచం పక్కన కూచుని చెల్లెలి జుట్టు దువ్వింది, నర్సు చేతిలోంచి గిన్నె లాక్కుని తనే తినిపించింది, మరిది ఆ మాట అన్నప్పుడల్లా దుప్పటి సర్దింది.

పదో రోజున పెద్ద డాక్టరుగారు గదిలోకొచ్చి తలుపు దగ్గరే నిలబడ్డారు. రిటైరవడానికి ఏడాదే ఉంది ఆయనకి. కూచుంటే లేవడం కష్టమని నిలబడే మాట్లాడతారు.

"మీ చెల్లెలికి కుడివైపు ఎంత ఓపిక మిగిలిందో తెలియాలమ్మా. బాగుంటే మందులతో ఆగుదాం. లేకపోతే చర్మం కిందనున్న నాళాన్నొకదాన్ని మెదడుమీదికి తెచ్చి కుట్టాలి. అదైనా ఇప్పుడే కాదు, నెల్లాళ్ళు ఆగాలి. ఈ పరీక్ష మీరు చెయ్యకండి. బయటినుంచి ఎవరినన్నా పిలుస్తాను."

"నేనే చేస్తానండి."

"సొంతవాళ్ళకి చెయ్యడం మంచిది కాదు."

"తెలుసండి," అంది పెద్దది. ఎంత బాగా తెలుసో ఆయనకి తెలీదు.

మరిది చక్రాలకుర్చీలో చిన్నదాన్ని తీసుకొచ్చి, గదిలోకి తోసి, తను బయట బెంచీమీద కూచున్నాడు. పెద్దది చెల్లెలి జుట్టు పొడిగుడ్డతో తుడిచింది, పొడిగానే ఉన్నా. పట్టీ బిగించింది. ఊపి చూసి, మళ్ళీ బిగించింది. ష్షూ... ష్షూ... అని వినపడగానే చిన్నది కళ్ళు పెద్దవి చేసి మిషను వైపు చూసింది, ఎవరో పిలిచినట్టు.

"ఊపిరి బిగబట్టు."

చిన్నది నవ్వింది, సగం మూతితో. నెలల పిల్లలు, మనం వాళ్ళతోనే మాట్లాడుతున్నామని తెలిసి, ఏమంటున్నామో తెలీక నవ్వినట్టు. పెద్దది ఇంకోసారి చెప్పింది, గట్టిగా. చెవుడేమీ కాదని తెలిసీ గట్టిగా చెప్పింది. లాభం లేదు. పదిమంది పిల్లల్ని ఒక్క కేకతో నీళ్ళల్లో ముంచి, ఒక్క కేకతో పైకి లేపిన మనిషికి ఇప్పుడు "ఊపిరి" అంటే ఏమిటో తెలీదు.

పెద్దది బల్ల చుట్టూ తిరిగొచ్చి చెల్లెలి ఎదురుగా స్టూలు మీద కూచుంది. గాలి పీల్చి, బుగ్గలు ఉబ్బించి, రెండు వేళ్ళతో ముక్కు పట్టుకుంది. చిన్నది కాసేపు చూసింది. తర్వాత ఎడమచేత్తో తన ముక్కు తను పట్టుకుంది. ఎడమబుగ్గ ఉబ్బింది, కుడిమూతి మూసుకోక గాలి తుస్సుమని పోయింది. దానికి తనే నవ్వుకుంది. పెద్దది చేత్తో ఆ కుడిమూతిని మెల్లిగా అదిమిపట్టింది. మళ్ళీ గాలి పీల్చి చూపించింది. ఈసారి ఇద్దరూ పట్టారు. ఎదురెదురుగా, ముక్కులు మూసుకుని, ఒకరి మొహంలోకి ఒకరు చూస్తూ. పెద్దది తెర వైపు కళ్ళు మాత్రం తిప్పింది. డాక్టరుగారు ఇరవై సెకన్లకి మించొద్దన్నారు.

కుడివైపు గీత నలభై ఎనిమిది దగ్గర మొదలై యాభైకి వెళ్ళి, అక్కడినుంచి కదల్లేదు.

పది నిమిషాలు ఆగి మళ్ళీ చేసింది. పట్టీ విప్పి, కొత్తగా జిగురు రాసి, మూడోసారి చేసింది. నలభై ఎనిమిది, యాభై. నలభై ఏడు, నలభై తొమ్మిది. రెండేళ్ళ కిందట పాలలాగా పొంగిన వైపు ఇదే.

పట్టీ తీస్తుంటే చిన్నది ఎడమచేత్తో కణత మీది జిగురు తీసి, చూసుకుని, అక్క ముక్కుకి రాసింది. ఎంత మాట పోయినా, ఎవరి ముక్కుకి రాయాలో మాత్రం తెలుసు. పెద్దది తుడుచుకోలేదు. కుర్చీ బయటికి తోసుకెళ్ళేదాకా అలాగే ఉంచుకుంది.

"కిందటిసారి కుడివైపు ఎంత లేచింది?" అన్నారు పెద్ద డాక్టరుగారు, కొత్త కాగితం చూసి. "ఎంత వేగంగా పడిపోయిందో తెలుస్తుంది. ఆ నలభైమందిలో ఈమె కూడా ఉందిగా. ఆ రికార్డు పట్రండి."

పెద్దది తెచ్చింది. తేకుండా ఉండడానికి కారణాలు నాలుగు తట్టాయి, నాలుగూ నోటిదాకా వచ్చాయి. ఆయన చూడవలసింది కుడివైపే. కుడివైపు చూశారు. తర్వాత ఆయన చూపు పక్కకి జరిగి, అక్కడ ఆగిపోయింది. మొదటిసారి ఆ గదిలో కుర్చీ లాక్కుని కూచున్నారు.

"కిటికీ బాగాలేదని రాశారు."

"రాశానండి."

"బాగానే ఉంది."

"బాగానే ఉందండి."

కాగితం కింద తన సంతకం కూడా ఉందని ఆయన చూసుకున్నారు. చాలాసేపు కళ్ళజోడు తుడిచారు. "చూడండమ్మా, ఆ నలభైమంది ఇచ్చిన ఒప్పుదల ఫారంలో రాసే ఉంది, ఇది జబ్బు కనిపెట్టడానికి చేసే పరీక్ష కాదని. ఆవిడ సంతకం పెట్టింది. ఇంట్లోవాళ్ళకి చెప్పితీరాలని ఏమీ లేదు. అప్పుడు తెలిసి ఆపరేషన్ చేసినా ఇది తప్పేదని ఎవరూ గట్టిగా చెప్పలేరు."

"తప్పే అవకాశం ఉందాండి?"

ఆయన కళ్ళజోడు పెట్టుకోలేదు. "ఉంది," అన్నారు. "ఎక్కువే ఉంది."

పెద్దది పైకి వెళ్ళేసరికి మరిది వరండాలో వాళ్ళ పిన్నికి ఆ మాటే చెబుతున్నాడు. పిన్ని చెవి కొంచెం తక్కువ మనిషి, కాబట్టి గట్టిగా చెబుతున్నాడు.

"మా వదినే చూసింది పిన్నీ. అంతా బాగుందంది."

"బాగుంటే మరెలా వచ్చిందిరా?"

"అదే పిన్నీ నేను చెప్పేది. బాగున్న మనిషికే వచ్చింది."

పిన్ని పెద్దదాని చెయ్యి పట్టుకుని, "నీలాంటి అక్క ఉండడం దాని అదృష్టం తల్లీ," అని నొక్కి, లిఫ్టు కోసం వెళ్ళింది. పెద్దది ఆవిడ లిఫ్టెక్కేదాకా ఆగింది.

"మరిదిగారూ, బాగాలేదు."

"ఏది, ఇవాళ్టి పరీక్షా?"

"అదీ బాగాలేదు. రెండేళ్ళ కిందటిదీ బాగాలేదు. ఎడమవైపు గీత లేవలేదు. స్పష్టంగా ఉంది, నేను కిటికీ బాగాలేదని రాసేశాను."

ఆయన వెంటనే అర్థం చేసుకోలేదు. అర్థం చేసుకోడానికి ఇష్టపడలేదని కూడా అనొచ్చు. పెద్దది మొదటినుంచి చెప్పింది, ముప్పై సెకన్లు, పట్టీ, తడిజుట్టు, భోజనం డబ్బాతో సహా. ఆయన పనివాడిలాగా విన్నాడు, మధ్యమధ్య చిన్నచిన్న ప్రశ్నలేస్తూ.

"అంటే మిషను చూపించింది."

"చూపించింది."

"మీకు చదవడం వచ్చు."

"వచ్చు."

"తెలిసుంటే ఏం చేసేవాళ్ళు?"

"పెద్ద ఫొటోలు తీయించేవాళ్ళు. ఆపరేషన్ చేసేవాళ్ళు. అప్పటికి మెదడులో ఏ భాగమూ పోలేదు." ఇంకొకటి మిగిలిందని గుర్తొచ్చి, అదీ చెప్పేసింది. "కుడిచేతిలో చీమలు పాకుతున్నాయని కూడా చెప్పింది ఆరోజు."

"నాకు చెప్పలేదు."

"నాకు చెప్పింది."

"మీరేమన్నారు?"

పెద్దది గోడ వైపు చూసింది. గోడ మీద చేతులు ఎలా కడుక్కోవాలో బొమ్మలతో సహా ఉంది. "నవ్వులాటకి ఏదో అన్నాను."

ఆయన అరుస్తాడనుకుంది. అరిస్తే బాగుండుననుకుంది. వారం రోజులుగా లోపల కట్టుకున్న బరువు ఎవరైనా రెండు చేతులా లాగి కింద పడేస్తారేమోనని ఆశపడింది. ఆయన అరవలేదు. గొంతు కూడా పెంచలేదు.

"అందరికీ ఇలాగే చేస్తారా వదినా, లేక దీనికేనా?"

"అంటే?"

"మీకు అలవాటా, అని. కొందరు పనివాళ్ళుంటారు, పైపైన చూసి బాగుందని రాసి పోతారు. వాళ్ళు ఎక్కడికెళ్ళినా అంతే. నలభైమందిని చూశారుగా. మిగతా ముప్పై తొమ్మిదిమందికీ ఇలాగే వదిలేశారా?"

"తెలీదు."

"తెలుసుకుని చెప్పండి," అని ఆయన లోపలికి వెళ్ళిపోయాడు. చిన్నదాన్ని రెండో పక్కకి తిప్పి పడుకోబెట్టే వేళయింది.

పెద్దది గదికి తిరిగొచ్చి తలుపు వేసుకుంది. నలభై రికార్డుల్లో "కిటికీ బాగాలేదు" అని ఉన్నవి తొమ్మిది. ఒకటి చిన్నదానిది. మిగిలినవి ఎనిమిది.

మొదటిది తెరుస్తుంటే తను ఏం కోరుకుంటోందో ఆమెకి తెలిసింది. ఇంకొకటి దొరకాలి. ఇసుకలేకుండా, శుభ్రంగా, పొట్టిగా, లేవకుండా ఉన్న గీత ఇంకొక్కటి ఎవరిదైనా దొరకాలి. అంటే ఎవరికో ఒకరికి ఆ జబ్బు ఉండాలి, రెండేళ్ళనించీ తెలియకుండా పెరుగుతూ ఉండాలి. అలా దొరికితే తను చేతకాని పనివాళ్ళలో ఒకతె అవుతుంది. చేతకానివాళ్ళకి లోకంలో చోటుంది. వాళ్ళని తిడతారు, పనిలోంచి తీసేస్తారు, ఇంట్లో కూచోమంటారు. ఇంట్లో కూచుని, నాకు ఆ పని రాదు, అందుకే అలా అయింది అని చెప్పుకోవచ్చు.

వాచ్‌మన్‌ది ఇసుక. తెరంతా ఇసుక. పక్కన తన చేతిరాత: "రెండుసార్లు ప్రయత్నించాను, పట్టీ మార్చి చూశాను."

నర్సు మొగుడిదీ ఇసుకే. "మూడుసార్లు. లోతు మార్చి చూశాను. మధ్యాహ్నం మళ్ళీ పిలిచాను."

అంబులెన్సు డ్రైవరు మామగారి రికార్డు తెరిచి, గీత కోసం తెరకి ముక్కు ఆనేంత దగ్గరగా వెళ్ళింది. గీత లేదు. "మొదటిరోజు నిద్రపోయారు. రెండోరోజు మళ్ళీ రప్పించాను. రెండువైపులా మూడేసిసార్లు." ఆ పెద్దాయనని రెండోసారి రప్పించడానికి ఎంత బతిమాలిందో గుర్తొచ్చింది. కొత్త పిల్లలు నవ్వారు కూడా, మరీ ఇంత చాదస్తమా అని.

నాలుగు. అయిదు. ఆరు. అక్షరాలు గుండ్రంగా, ఓపిగ్గా ఉన్నాయి. ఒకావిడ చంటిపిల్లతో వచ్చింది. పిల్ల ఏడుస్తుంటే పెద్దది పిల్లని ఎత్తుకుని నిలబడి, ఆవిడకి మూడోసారి పరీక్ష చేసింది. అదీ రాసి ఉంది. ఏడు. ఎనిమిదోది తెరిచేముందు కాసేపు ఆగింది. తెరిచింది. ఇసుక.

తనకేమీ కానివాళ్ళు ఎనిమిదిమంది. ఒక్కరిని కూడా ఒక్కసారితో వదల్లేదు. వాళ్ళెవరూ నాకు రెండింటికి పనుందని ఆమెని బతిమాలలేదు; బతిమాలినా ఆమె వినేది కాదు. ఎవరి దగ్గరా ఆమె అక్క కాదు. చిన్నదాని ముందు కూచున్నప్పుడు మాత్రం, చిన్నది ఎప్పుడూ ఉండేదే కదా, రేపైనా దొరుకుతుంది, ఎల్లుండైనా దొరుకుతుంది అనుకుంది. అలా అనుకున్నట్టు కూడా తెలియనంత మామూలుగా అనుకుంది. అయినవాళ్ళ విషయంలో మనిషి ఎంత ధీమాగా ఉంటుందో.

మళ్ళీ మొదటినుంచి ఎనిమిదీ చూసింది. ఏమో, ఏదైనా తప్పిపోయిందేమో. ఏదీ తప్పిపోలేదు. ఆ రెండోసారి చూడడం కూడా తన పని తీరే అని, ఆపేసింది.

పైకి వెళ్ళేసరికి చిన్నది నిద్రపోతోంది. కుడిచేతి కింద తలగడ పెట్టి ఉంది, చెయ్యి బిగుసుకోకుండా. మరిది మంచం పక్కన కూచుని ఉన్నాడు. ఉన్నది ఒకటే కుర్చీ. ఆయన లేవలేదు.

"చూశారా?"

"చూశాను."

"ఎంతమందివి?"

"ఎనిమిదిమందివి. కిటికీ బాగాలేదని రాసినవి అవే. అందరికీ రెండుసార్లు, మూడుసార్లు చేసి రాసినవే. తప్పు లేదు." గొంతు మామూలుగానే ఉంది, రోగుల ఇంట్లోవాళ్ళకి ఫలితం చెప్పేటప్పుడు ఉండే గొంతు. ఆయన ఇంకా చూస్తున్నాడు, అడిగినదానికి జవాబు ఇంకా రాలేదన్నట్టు.

"దీనికే," అంది పెద్దది.

ఆయన తల తిప్పి చిన్నదాని వైపు చూశాడు. దుప్పటి ఒక పక్క జారి ఉంది. పెద్దది చెయ్యి చాపింది. ఆయన ఆ చేతికన్నా ముందు వంగి, దుప్పటి తనే పైకి లాగాడు.